మంచిపేరునకు వెల

ఒక ఊరి నడివీథిలో ముప్పది సంవత్సరములుగా నడచుచున్న కాఫీ హోటలు ఒకటి కలదనుకొందము. యజమాని వృద్ధుడై దానిని అమ్మదలచెను. కొనవచ్చినవాడు బల్లలు, కుర్చీలు, పాత్రలు, పొయ్యిలు, నిలువ సరకు అన్నిటికిని వెలకట్టగా 18 లక్షల రూపాయలు తేలెను. హోటలు పేరును వాడుకొను హక్కునకు, పక్కనున్న కార్యాలయమునకు ఫలహారములు పంపుటకు కుదిరిన ఒప్పందమునకు మరి 7 లక్షలు వేసెను. హోటలుపై 5 లక్షల అప్పు కలదు. దానిని తీసివేయగా నికరముగా నిలిచినది 20 లక్షలు. అయినను బేరము 50 లక్షలకు కుదిరెను. మిగిలిన 30 లక్షలు దేనికొరకు? తెల్లవారగానే కాళ్ళు ఈ హోటలువైపే నడచు ఊరివారి అలవాటునకు. ఏండ్ల తరబడి కలిసి పనిచేయుచున్న వంటవారి, వడ్డనవారి నేర్పునకు. రేపు కూడ ఇట్లే సాగునను నమ్మకమునకు. తూచుటకు, కొలుచుటకు, పెట్టెలో పెట్టి తాళము వేయుటకు వీలులేని ఈ 30 లక్షలకే లెక్కలవారు గుడ్‌విల్ అని పేరు పెట్టిరి. మన భాషలో మంచిపేరు అనవచ్చును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. ఈ 30 లక్షలను పుస్తకమున ఎక్కడ వ్రాయవలెను? ఖర్చుగా వ్రాసినచో, మంచి వ్యాపారమును కొన్న ఏడాదియే పెద్ద నష్టము వచ్చినట్లు కనబడును. ఆస్తిగా వ్రాసినచో, అది ఎంతకాలము ఆస్తిగా నిలుచును? వంటవాడు వెడలిపోయి, ఎదుట మరియొక హోటలు వెలసి, జనము అటు మరలినచో పుస్తకములోని 30 లక్షలు ఏమగును? చిన్న హోటలు యజమానికి ఇది ఒక రాత్రి ఆలోచన. వేలకోట్ల డాలర్లతో కంపెనీలను కొను సంస్థలకు ఇది తరతరముల వివాదము. ఆ వివాదము నడచిన తీరును అమెరికాలోని మైక్రోసాఫ్ట్ కంపెనీ ఖాతాల వెలుగులో పరిశీలింపవలెనని మా ఉద్దేశము. ఈ విషయమున వచ్చిన నియమములన్నియు తమ ముద్రను ఆ ఖాతాలపై విడిచిపోయినవి. అంతేకాక, 2014 ఫిబ్రవరి నుండి ఆ సంస్థకు ముఖ్య కార్యనిర్వాహకుడుగా ఉన్న సత్య నాదెళ్ల హైదరాబాదులో పుట్టినవాడు. ఆయన పదవిలోనికి వచ్చిన తొలిదినములలోనే ఈ చిక్కు ఆయన తలుపు తట్టెను.

మంచిపేరునకు వెల కట్టుట కొత్త సంగతి కాదు. 1810లో ఇంగ్లండులో ఒక దావా విచారించుచు లార్డు ఎల్డన్ అను న్యాయాధిపతి, పాత ఖాతాదారులు పాత చోటికే మరల వత్తురను సంభావ్యతయే గుడ్‌విల్ అని నిర్వచించెను. నిర్వచనము చిన్నదే అయినను అందులోని లోతు గమనింపదగినది. సంభావ్యత అనగా జరుగవచ్చును, జరుగకపోవచ్చును. అందువలన లెక్కలవారు మొదటి నుండియు ఒక కట్టుబాటు పాటించుచు వచ్చిరి. తన శ్రమతో తాను సంపాదించుకొన్న మంచిపేరును ఎవడును తన పుస్తకమున ఆస్తిగా వ్రాసికొనరాదు. ఇతరుని మంచిపేరును డబ్బిచ్చి కొన్నప్పుడు మాత్రమే, ఇచ్చిన డబ్బు సాక్షిగా వ్రాసికొనవచ్చును.

ఈ కట్టుబాటువలన ఒక విచిత్రము ఏర్పడినది. 1975లో స్థాపింపబడి, 1986లో ప్రజలకు వాటాలు అమ్మిన మైక్రోసాఫ్ట్ తన ఇంటనే పెంచిన విండోస్ అను పేరు లోకమంతట ఎరుగును. దాని మంచిపేరునకు ఆ కంపెనీ ఆస్తి అప్పుల పట్టికలో ఒక్క డాలరైన చోటు లేదు. 2014 నవంబరులో 250 కోట్ల డాలర్లకు కొన్న మైన్‌క్రాఫ్ట్ అను ఆట విషయము వేరు. ఆ పేరునకు, దానిని చేసినవారి నేర్పునకు, రాబోవు లాభముల ఆశకు పట్టికలో చోటు దొరకెను. కన్నబిడ్డ పేరు పుస్తకమున లేదు. దత్తుబిడ్డ పేరు మాత్రము ఉన్నది. కావున ఒక సంస్థ ఖాతాలో గుడ్‌విల్ ఎక్కువగా ఉన్నదన్నంత మాత్రమున ఆ సంస్థకు మంచిపేరు ఎక్కువ అని అర్థము కాదు. ఆ సంస్థ ఇతరుల కంపెనీలను కొనుటకు, కంటికి కనబడు ఆస్తులకు మించి, ఎంత చెల్లించినదో చెప్పు జ్ఞాపకచిహ్నము మాత్రమే అది.

మైక్రోసాఫ్ట్ చేసిన మొదటి పెద్ద కొనుగోలు 1987లో జరిగెను. ఫోర్‌థాట్ అను చిన్న సంస్థను 1 కోటి 40 లక్షల డాలర్లు ఇచ్చి తీసికొనిరి. ఆ సంస్థ చేసిన సాఫ్ట్‌వేరే నేడు బడిపిల్లలు సయితము ఎరిగిన పవర్‌పాయింట్. అంత చవకగా అంత లాభము తెచ్చిన బేరములు అరుదు. ఇట్టి బేరము కుదిరినప్పుడు గుడ్‌విల్ లెక్కను ఎవరును పట్టించుకొనరు. బేరములు వందలకోట్లకు పెరిగిన తరువాతనే లెక్కలో చిక్కులు బయటపడెను.

ఆ కాలమున అమెరికాలో అమలులోనున్నవి 1970లో ఏర్పడిన నియమములు. వాని ప్రకారము ఒక కంపెనీ మరియొకదానిలో కలియుటకు రెండు దారులుండెను. మొదటిది కొనుగోలు దారి. దీనిలో కొన్న ధరకు, వచ్చిన ఆస్తుల విలువకు గల భేదమును గుడ్‌విల్‌గా వ్రాసి, 40 సంవత్సరములకు మించని గడువులో ఏటేట కొంత చొప్పున లాభమునుండి తగ్గించుచు రావలెను. రెండవది సంగమము దారి. రెండు నదులు కలిసినట్లు రెండు కంపెనీలు కలిసినవనియు, ఎవరును ఎవరిని కొనలేదనియు దీని భావము. నగదు ఇయ్యక వాటాలకు వాటాలు మార్చుకొని, పండ్రెండు షరతులను పాటించినవారికి ఈ దారి తెరచియుండెను. ఇందులో రెండు పుస్తకములలోని పాత అంకెలను ఒకచోట చేర్చుటయే పని. ధర ఎంతయైనను పుస్తకమునకెక్కదు. గుడ్‌విల్ పుట్టదు. పుట్టలేదు గనుక ఏటేట లాభమునుండి తగ్గింపవలసినదియు లేదు.

ఈ రెండు దారులకు గల భేదము మైక్రోసాఫ్ట్ ఖాతాలలో ఏడాదిన్నర వ్యవధిలోనే కనబడును. 2000 జనవరిలో చిత్రపటములు గీయు సాఫ్ట్‌వేర్ చేయు విజియో కంపెనీని, వంద కోట్ల డాలర్లకు మించిన విలువగల వాటాలిచ్చి కలుపుకొనిరి. దీనిని సంగమముగా వ్రాసిరి. 2001 ఏప్రిలులో వ్యాపారస్థుల లెక్కలకు సాఫ్ట్‌వేర్ చేయు గ్రేట్ ప్లెయిన్స్ కంపెనీని సుమారు 110 కోట్ల డాలర్ల విలువగల వాటాలకు తీసికొనిరి. దీనిని కొనుగోలుగా వ్రాసిరి. రెండును సాఫ్ట్‌వేర్ కంపెనీలే. రెంటికిని ఇచ్చినవి వాటాలే. విలువలును ఇంచుమించు ఒక్కటే. అయినను మొదటిదానికి ఇచ్చిన ధర పుస్తకమున జాడ లేకుండ పోయెను, రెండవదానిది నిలిచెను. వాటాదారుడు పుస్తకము తెరచి, నా సొమ్ముతో కొన్న కంపెనీకి ఎంత ఇచ్చితిరి, దానిపై ఎంత రాబడి వచ్చినది అని అడిగినచో, మొదటి విషయమున పుస్తకము మౌనము వహించును. సంగమపు లెక్కలోని అసలు దోషము ఇదియే.

ఈ దోషమును తొలగింపబూనినది 1973లో ఏర్పడిన అమెరికా ఆర్థిక లెక్కల ప్రమాణముల మండలి. 1999లో ఆ మండలి ఒక ముసాయిదా వెలువరించెను. సంగమపు దారిని మూసివేయవలెననియు, గుడ్‌విల్‌ను 20 సంవత్సరములకు మించని గడువులో తగ్గించివేయవలెననియు అందలి సారాంశము. సాంకేతిక సంస్థలు దీనిపై పెద్ద అలజడి చేసెను. అవి ఇచ్చు ధరలలో ఇటుకలకు, యంత్రములకు చెందునది స్వల్పము; మనుష్యుల మేధకు, రేపటి ఆశకు చెందునదే అధికము. అంత గుడ్‌విల్‌ను ఏటేట తగ్గించినచో లాభములు హరించుకొనిపోవుననియు, కొత్త సంస్థలను కలుపుకొనుటయే కష్టమగుననియు అవి వాదించెను. విషయము అమెరికా శాసనసభ వరకును పోయెను. తుదకు 2001లో ఒక రాజీ కుదిరెను. సంగమపు దారి మూతపడెను. ప్రతి కలయికను కొనుగోలుగానే వ్రాయవలెను. దానికి ప్రతిఫలముగా, గుడ్‌విల్‌ను ఏటేట తగ్గింపనక్కరలేదు. అది చెక్కుచెదరక పుస్తకమున నిలిచియుండవచ్చును. కాని ఏడాదికి ఒకసారియైనను పరీక్షింపవలెను. పరీక్షలో విలువ క్షీణించినట్లు తేలినచో, క్షీణించినంత మేర ఆ సంవత్సరమే నష్టముగా వ్రాయవలెను. ఒకసారి తగ్గించినదానిని మరల పెంచుటకు వీలులేదు.

అనగా పాత నియమము గుడ్‌విల్‌ను పాతబడు యంత్రమువలె చూచెను. కొత్త నియమము వైద్యపరీక్షకు వచ్చు మనిషివలె చూచుచున్నది. మైక్రోసాఫ్ట్ ఈ నియమమును 2001 జూలై 1 నుండియే అవలంబించెను. ఏటేట మే 1వ తేదీని పరీక్షాదినముగా పెట్టుకొనెను. పరీక్ష జరుగు విధము ఇట్లుండును. కంపెనీని కొన్ని వ్యాపార విభాగములుగా పంచుదురు. కొన్న కంపెనీల గుడ్‌విల్‌ను వానివలన ప్రయోజనము పొందు విభాగములకు కేటాయింతురు. ఒక్కొక్క విభాగము రాబోవు సంవత్సరములలో తెచ్చునని ఆశించు రాబడిని అంచనా వేసి, దానిని నేటి విలువకు కుదింతురు. ఆ విలువ పుస్తకములోని విలువకంటె ఎక్కువైనచో గుడ్‌విల్ క్షేమము. తక్కువైనచో కోత తప్పదు.

కొత్త నియమమెంత పదునైనదో లోకమునకు వెంటనే తెలియవచ్చెను. 2001 జనవరిలో ఏఓఎల్, టైమ్ వార్నర్ అను రెండు మహాసంస్థలు కలిసియుండెను. ఇంటర్నెట్ వ్యాపారముపై ఆశలు ఆకాశమంటిన దినములలో కుదిరిన ధర అది. ఆశలు దిగజారిన తరువాత, 2002 సంవత్సరమునకు ఆ సంస్థ ప్రకటించిన నష్టము సుమారు 9,870 కోట్ల డాలర్లు. అందులో అత్యధిక భాగము గుడ్‌విల్ కోతయే. అంత నష్టము వచ్చినను ఆ సంవత్సరము ఆ సంస్థ పెట్టెలోనుండి ఆ సొమ్ము బయటికి పోలేదు. పోవలసినది కలయికనాడే, వాటాల రూపమున, పోయియుండెను. 2002లో జరిగినది ఒప్పుకోలు మాత్రమే.

మైక్రోసాఫ్ట్ వంతు పది సంవత్సరముల తరువాత వచ్చెను. 2007 ఏప్రిలులో గూగుల్ సంస్థ డబుల్‌క్లిక్ అను ప్రకటనల కంపెనీని 310 కోట్ల డాలర్లకు కొనబోవుచున్నట్లు ప్రకటించెను. మరుసటి నెలలోనే మైక్రోసాఫ్ట్ అదే రంగములోని ఏక్వాంటివ్ కంపెనీకి సుమారు 630 కోట్ల డాలర్ల వెల పలికెను. ముందటినాటి మార్కెట్టు ధరకంటె 85 శాతము అధికముగా, వాటా ఒక్కింటికి 66 డాలర్ల 50 సెంట్లు ఇచ్చుటకు ఒప్పుకొనెను. పోటీదారుడు చేజిక్కించుకొన్నదానికి బదులుగా మరియొకటి ఉండితీరవలెనను తహతహ ధరను ఎంత పెంచునో సంతలో పశువుల బేరము చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ తహతహకు పుస్తకమున వేరు పద్దు లేదు. అదియు గుడ్‌విల్‌లోనే కలిసిపోవును.

తరువాతి కథ క్లుప్తముగా చెప్పవచ్చును. ఏక్వాంటివ్‌తో వచ్చిన రేజర్‌ఫిష్ అను ప్రకటనల సంస్థను 2009లో పబ్లిసిస్ అను ఫ్రెంచి సంస్థకు అమ్మివేసిరి. ఆన్‌లైన్ ప్రకటనల వ్యాపారములో ఆశించిన వృద్ధి కనబడలేదు. 2012 జూలై 2న మైక్రోసాఫ్ట్ తన ఆన్‌లైన్ విభాగపు గుడ్‌విల్‌నుండి 620 కోట్ల డాలర్లను కోసివేయుచున్నట్లు ప్రకటించెను. కొన్న ధర 630 కోట్లు. కోసినది 620 కోట్లు. ఐదేండ్లలో దాదాపు మొత్తము తుడిచిపెట్టుకొనిపోయెను. ఆ మూడునెలల లెక్కలో కంపెనీకి 49 కోట్ల 20 లక్షల డాలర్ల నష్టము వచ్చెను. 1986లో ప్రజలకు వాటాలు అమ్మిన తరువాత మైక్రోసాఫ్ట్ ప్రకటించిన మొదటి త్రైమాసిక నష్టము అదియే. మరుసటి సంవత్సరము, ఏక్వాంటివ్‌తో వచ్చిన అట్లాస్ అను సాధనమును ఫేస్‌బుక్ కొనుక్కొనెను.

రెండవ ఉదంతము నోకియా ఫోనులది. ఒకప్పుడు మన పల్లెలలో సయితము ఫోనుకు మారుపేరైన ఫిన్లండు దేశపు నోకియా తన ఫోనుల వ్యాపారమును మైక్రోసాఫ్ట్‌కు అమ్ముటకు 2013 సెప్టెంబరులో ఒప్పందము కుదిరెను. అప్పటి అధిపతి స్టీవ్ బామర్. ఆ ఒప్పందమునకు ముందు కంపెనీ పెద్దల అభిప్రాయము అడిగినప్పుడు తాను వలదంటినని సత్య నాదెళ్ల 2017లో వెలువడిన తన హిట్ రిఫ్రెష్ అను గ్రంథమున వ్రాసికొనెను. కాని 2014 ఏప్రిల్ 25న బేరము ముగియునాటికి అధిపతి పీఠమున ఉన్నది ఆయనయే. వలదన్న కొనుగోలు బరువు ఆయన భుజములపైననే పడెను. కొన్న ధర, వచ్చిన 150 కోట్ల నగదుతో కలిపి, సుమారు 940 కోట్ల డాలర్లు. అందులో గుడ్‌విల్‌గా వ్రాసినది సుమారు 550 కోట్లు.

పదునాలుగు నెలలు తిరిగెను. ఐఫోను, ఆండ్రాయిడు ఫోనుల ముందు విండోస్ ఫోనులు నిలువలేకపోయెను. 2015 ఏప్రిలులో వెలువడిన త్రైమాసిక నివేదికలోనే, ఫోనుల విభాగపు గుడ్‌విల్‌కు క్షీణించు ప్రమాదము అధికముగా ఉన్నదని ఒక హెచ్చరిక కనబడెను. చిన్న అక్షరములలో ఉండు ఇట్టి హెచ్చరికలు చదువువారు తక్కువ. 2015 జూలై 8న అసలు వార్త వెలువడెను. సుమారు 760 కోట్ల డాలర్ల కోత. అందులో గుడ్‌విల్ భాగమే 510 కోట్లు. అదే ప్రకటనలో 7,800 ఉద్యోగములు తీసివేయుచున్నట్లు కూడ ఉండెను. ఏడాదికి ముందు, 2014 జూలైలో, తీసివేసిన 18,000 ఉద్యోగములలో సుమారు 12,500 నోకియానుండి వచ్చినవారివే. 2016 మే నెలలో, మామూలు ఫోనుల వ్యాపారమును 35 కోట్ల డాలర్లకు అమ్మివేయుచున్నట్లు ప్రకటించిరి.

పుస్తకమున గుడ్‌విల్ అని ఒక్క పద్దుగా ఉన్నదానిలో మనుష్యుల నేర్పు, వారి కూడిక, వారి జీవనోపాధి కూడ కలిసియున్నవని ఈ ఉదంతము బోధించుచున్నది. కలిసి పనిచేయు సిబ్బంది విలువను వేరు ఆస్తిగా వ్రాయరాదని నియమము. అది గుడ్‌విల్‌లోనే అణగియుండును. కావున ఆ పద్దు కరగినప్పుడు కరగినది కేవలము ఒక అంకె కాదు.

ఇప్పుడు విమర్శకుల మాట వినదగియున్నది. వారి మొదటి ఆక్షేపణ, కోత ఎల్లప్పుడు ఆలస్యముగనే వచ్చునని. రోగమెప్పుడో ముదిరియుండును; వైద్యపత్రము తరువాత వెలువడును. రెండవ ఆక్షేపణ, పరీక్షకు కావలసిన అంచనాలను వేయువారు కొన్నవారే లేక వారి ఆధీనములోనివారే అగుటవలన, తమ తప్పిదమును తామే చాటుకొనుటకు సంకోచము సహజమని. ఆడిటర్లు సరిచూచినను, రేపటి రాబడిని గూర్చిన ఊహను ఎంతవరకు కాదనగలరు? మూడవది మరింత సూక్ష్మము. కొన్న వ్యాపారమును, బాగుగా నడచుచున్న పెద్ద విభాగములో కలిపివేసినచో, పెద్దదాని బలము చిన్నదాని బలహీనతను కప్పివేయును. ఉమ్మడి కుటుంబములో సంపాదనపరుడైన అన్నచాటున తమ్ముని అప్పు బయటపడనట్లుండును. ఫోనుల విభాగము వేరుగా నిలబడియుండుటవలననే నోకియా కోత అంత స్పష్టముగా, అంత త్వరగా కనబడెను. మైక్రోసాఫ్ట్ 2011లో 850 కోట్ల డాలర్లకు కొన్న స్కైప్‌ను 2025 మే నెలలో మూసివేసెను. అయినను 2025 మే 1వ తేదీ పరీక్షలో గుడ్‌విల్ క్షీణత ఏదియు కనబడలేదని కంపెనీ వార్షిక నివేదిక చెప్పుచున్నది. ఇందులో నియమభంగమేమియు లేదు. నియమము పరీక్షించునది విభాగముయొక్క మొత్తము బలమునే గాని, కొన్న వస్తువుయొక్క ప్రాణమును కాదు.

ఈ ఆక్షేపణలలో బలము కలదు గనుకనే, గుడ్‌విల్‌ను మరల ఏటేట తగ్గించు పద్ధతికి పోవలెనా అని అమెరికా మండలి కొన్ని సంవత్సరములు ఆలోచించి, 2022 జూన్‌లో ఆ పనిని తన కార్యక్రమమునుండి తొలగించెను. అంతర్జాతీయ మండలియు పరీక్షా పద్ధతినే నిలుపుకొనెను. కాని 2024 మార్చిలో అది ఒక ప్రతిపాదన చేసెను. పెద్ద కొనుగోళ్ళ విషయమున, కొన్ననాడు పెట్టుకొన్న లక్ష్యములేవి, తరువాత అవి ఎంతవరకు నెరవేరినవి అని కంపెనీలు తెలుపవలెనని దాని సారము. మా దృష్టిలో ఇది వివేకముగల ఆలోచన. అంకెను తగ్గించు పద్ధతులపై వాదించుటకంటె, ఆశ పెట్టుకొన్నవానిని ఆ ఆశ ఏమైనదని అడుగుట మేలు.

మన దేశమున కూడ ఈ మార్పులు వచ్చినవి. కంపెనీల విలీనమువలన పుట్టిన గుడ్‌విల్‌ను సామాన్యముగా 5 సంవత్సరములలో తగ్గించివేయవలెనని పాత భారతీయ ప్రమాణము. 2016–17 ఆర్థిక సంవత్సరమునుండి పెద్ద కంపెనీలకు అమలులోనికి వచ్చిన ఇండ్ ఏఎస్ 103 మొదలగు ప్రమాణములు పరీక్షా పద్ధతిని తెచ్చెను. ఒక్క యాజమాన్యము క్రిందనున్న కంపెనీలు తమలో తాము కలిసినప్పుడు మాత్రము, అమెరికాలో 2001లో మూతపడిన సంగమపు దారివంటిదే మన ప్రమాణములలో నేటికిని కలదు. ఒక ఇంటిలోని రెండు గదుల మధ్య గోడ తీసినంత మాత్రమున ఇంటి విలువ పెరుగదు గదా అను తర్కము దీనికి ఆధారము.

కంపెనీ కొనుగోలు, లెక్కలపుస్తకము అను మాటలు కలిసి వినబడగానే తెలుగువారికి 2009 జనవరి 7 జ్ఞప్తికి వచ్చును. నాడు హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు, పుస్తకములో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని లేఖలో ఒప్పుకొనెను. అంతకు కొద్ది దినములకు ముందు, 2008 డిసెంబరులో తలపెట్టి విరమించుకొన్న మేటాస్ కంపెనీల కొనుగోలు, లేని ఆస్తులకు బదులు ఉన్న ఆస్తులను చేర్చుటకు చేసిన తుది ప్రయత్నమని కూడ ఆ లేఖలో ఉండెను. దానికిని, ఇంతవరకు మనము చెప్పుకొన్నదానికిని గల భేదమును గుర్తింపవలెను. లేని నగదును ఉన్నదని వ్రాయుట అబద్ధము. ఉన్న నగదును ఇచ్చి కొన్న ఆశను ఆశగా వ్రాయుట అబద్ధము కాదు. కాని ఆశ అడుగంటిన తరువాత కూడ దానిని అట్లే ఉంచినచో అది అబద్ధమునకు పొరుగున చేరును. గుడ్‌విల్ పరీక్ష కాపలా కాయునది ఈ పొలిమేరనే.

మైక్రోసాఫ్ట్ ఖాతాలో నేడు ఆ పద్దు ఎంత పెరిగినదో చూతము. 2016 డిసెంబరులో లింక్డ్‌ఇన్ కంపెనీని సుమారు 2,700 కోట్ల డాలర్లకు కొనిరి; అందులో 1,680 కోట్లు గుడ్‌విల్. 2023 అక్టోబరు 13న ఆటల కంపెనీయైన యాక్టివిజన్ బ్లిజర్డ్ కొనుగోలు పూర్తియయ్యెను. మొత్తము ధర సుమారు 7,540 కోట్ల డాలర్లు. పేర్లు, హక్కులు, సాంకేతిక విద్య మొదలగు వేరుచేసి చూపదగిన కంటికి కనబడని ఆస్తులకు సుమారు 2,200 కోట్లు. గుడ్‌విల్ సుమారు 5,100 కోట్లు. అనగా ధరలో మూడింట రెండు పాళ్ళు. 2025 జూన్ 30 నాటికి ఆ కంపెనీ పట్టికలోని మొత్తము గుడ్‌విల్ సుమారు 11,950 కోట్ల డాలర్లు. మొత్తము ఆస్తులలో ఇంచుమించు ఐదవ వంతు. నోకియానాటి కోత దీనిలో ఇరువదవ వంతైనను లేదు. ఈ ఆశలు ఫలించునా లేదా అని జోస్యము చెప్పుట మా పని కాదు. కంపెనీ లాభములు బలముగా ఉన్నంతకాలము పరీక్ష సులభముగనే గట్టెక్కును. బలము తగ్గిననాడు పుస్తకము అడుగవలసిన ప్రశ్న అడుగకమానదు.

ఇది అమెరికా సంగతి, మన కేల అని కొందరనవచ్చును. నేడు మ్యూచువల్ ఫండుల మూలమునను, పింఛను నిధుల మూలమునను మామూలు గృహస్థుల పొదుపు సొమ్ము కంపెనీల వాటాలలోనికి చేరుచున్నది. ఆ ఇండ్ల పిల్లలెందరో ఇట్టి కంపెనీలలో పనిచేయుచున్నారు. వార్షిక నివేదిక చేతికి వచ్చినప్పుడు రంగుల బొమ్మలు దాటి మూడు విషయములు చూచినచో చాలును. మొత్తము ఆస్తులలో గుడ్‌విల్ ఎంత? అది ఏ విభాగములో ఉన్నది? ప్రమాదము ఉన్నదని చిన్న అక్షరములలో ఎక్కడనైన వ్రాసిరా? లెక్కల చదువు లేనివారు కూడ ఈ మూడు ప్రశ్నలు అడుగవచ్చును.

మరల మన కాఫీ హోటలు దగ్గరకు వత్తము. 50 లక్షలిచ్చి కొన్న యజమాని ప్రతి ఉదయమును బల్లల చుట్టు ఒకసారి కలయజూచును. పాతముఖములు వచ్చినవా? వంటవాడు సంతోషముగా ఉన్నాడా? ఆ చూపే గుడ్‌విల్ పరీక్ష. ఏడాదికొకసారి మే 1వ తేదీని వేయి పుటల అంచనాలతో మహాసంస్థలు చేయునదియు ఆ పనియే. ముఖములు తగ్గుచున్నవని తెలిసిననాడు ఇంటివారితో ఆ మాట దాచక చెప్పగలవాడే నమ్మదగిన యజమాని.